ఆ ఒక్క లైను తీసెయ్యి

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్ములుకి,

నీ మెయిల్ అందింది. కాటా సాఫ్ట్‌వేర్ పని పూర్తిగా నీకే అప్పగించారని, దాళ్వా ధాన్యం మిల్లులకు రావడం మొదలయ్యేలోగా బిగించి రావాలంటున్నారని రాశావు. చదివి సంతోషపడ్డాను. అంతలోనే మెయిల్ చివర్న ఉన్న మాట కంటబడింది. "బరువుని లేబుల్‌లో వెయ్యబోతే క్రాస్ థ్రెడ్ ఎర్రర్ వచ్చింది మామయ్యా, ఒక లైను రాస్తే పోయింది" అన్నావు. ఇక అక్కణ్ణుంచి ముందుకు కదల్లేదు నా చదువు. ఫోన్లో చెబితే సగమే నీ చెవిన పడుతుందని ఇలా కూర్చుని రాస్తున్నాను.

ఆ లైను ఏదో నువ్వు చెప్పకపోయినా తెలుసు. చెక్‌ఫర్ఇల్లీగల్‌క్రాస్‌థ్రెడ్‌కాల్స్ ఈక్వల్ టు ఫాల్స్. నీకంటే ముందు కొన్ని వేలమంది రాశారు దాన్ని. నేనూ రాశాను.

అది చేసే పని ఏమిటో ముందు చూడు. విండోస్ ఫామ్స్‌లో ఒక కంట్రోల్‌ని, దాన్ని పుట్టించిన థ్రెడ్ కాకుండా వేరే థ్రెడ్ ముట్టుకుంటే పట్టుకునే తనిఖీ ఒకటుంది. 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చింది. ఆ తనిఖీ మామూలుగా డీబగ్గర్ తగిలించి నడిపినప్పుడే పనిచేస్తుంది. మిల్లులో ఆపరేటర్ ఐకాన్ మీద రెండుసార్లు నొక్కి ప్రోగ్రాం తెరిచినప్పుడు అది లేనట్టే లెక్క. అంటే నువ్వు రాసిన లైను వల్ల మిల్లులో మారేది ఏమీ లేదు. అక్కడ తప్పు ముందూ జరిగేది, ఇప్పుడూ జరుగుతుంది. నీ బల్ల మీద, విజువల్ స్టూడియో ముందు కూర్చున్నప్పుడు, సరిచెయ్యగల మనిషివి నువ్వు ఒక్కదానివి ఉన్నచోట వచ్చే హెచ్చరికను మాత్రం ఆపేశావు.

ఆ ఎర్రర్ ఎందుకు వచ్చిందో అర్థమైతే ఆ లైను నువ్వే తీసేస్తావు. విండోస్‌లో ప్రతి విండోకీ ఒక యజమాని థ్రెడ్ ఉంటుంది, దాన్ని సృష్టించిన థ్రెడ్డే యజమాని. మౌస్ నొక్కినా, కీ కొట్టినా, తెర తిరిగి గీయాలన్నా ఆ సందేశం వెళ్లి ఆ థ్రెడ్ వరసలో నిలబడుతుంది. ఆ థ్రెడ్ ఒక్కో సందేశాన్నీ తీసి పని చేసి, మళ్లీ వరస దగ్గరికి వస్తుంది. నీ ఫామ్ మీద కనిపించేదంతా ఆ ఒక్క థ్రెడ్ చేతి పనే. లేబుల్, గ్రిడ్, బటన్ అన్నీ తమను ఒకేసారి ఇద్దరు ముట్టుకోరన్న నమ్మకంతో రాసినవి, అందుకు కావలసిన తాళాలు (లాకులు) లోపల లేవు. గ్రిడ్ తన వరసల్ని లెక్కపెట్టుకుంటూ గీస్తున్న సమయంలో పక్క థ్రెడ్ ఒక వరస తీసేస్తే, లెక్క ఒకటి, ఉన్నవి ఒకటి. ఒక్కోసారి ఎర్ర గీతల ఇంటూ గుర్తు వస్తుంది, ఒక్కోసారి ప్రోగ్రాం కూలిపోతుంది, చాలాసార్లు ఏమీ కాదు. ఆ "ఏమీ కాదు" అన్నదే మనల్ని మోసం చేస్తుంది. ఆఫీసులో వారం రోజులు నడిచినా అది సరైనదని రుజువు కాదు.

మరి రెండో థ్రెడ్ నీ ప్రోగ్రాంలోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వు థ్రెడ్ అన్న మాటే రాయలేదు కదా! సీరియల్ పోర్ట్ తెచ్చింది. కాటా బరువు చూపించే ఇండికేటర్ నుంచి బరువు వస్తున్నప్పుడు డేటా రిసీవ్డ్ ఈవెంట్ వస్తుంది. అది ఫామ్ థ్రెడ్ మీద రాదు, పక్కనున్న ఇంకో థ్రెడ్ మీద వస్తుంది. మా తరం వాళ్లం వీబీ 6లో ఎమ్మెస్‌కామ్ కంట్రోల్‌తో కాటా ప్రోగ్రాములు రాసేవాళ్లం. అందులో ఆ ఈవెంట్ ఫామ్ ఉన్న థ్రెడ్‌లోనే వచ్చేది, నేరుగా లేబుల్‌లో రాసేస్తే సరిపోయేది. అదే అలవాటుతో డాట్‌నెట్‌కి వచ్చి, అదే కోడ్‌ను సీ షార్ప్‌లోకి దించి, ఈ గుంటలోనే పడ్డాం.

ఇది మైక్రోసాఫ్ట్ ఒక్కటే పెట్టిన నియమం కాదు. జావా స్వింగ్‌లో ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్ అంటారు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో మెయిన్ థ్రెడ్ అంటారు. క్యూట్, జీటీకే రెండింటిదీ ఇదే కట్టుబాటు. అన్ని థ్రెడ్లూ తెరను ముట్టుకునేలా చెయ్యాలని పెద్దవాళ్లు ప్రయత్నించకపోలేదు. జావాలో మొదట వచ్చిన ఏడబ్ల్యూటీని ఆ ఉద్దేశంతోనే మొదలుపెట్టారు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జావా మీద పనిచేసిన గ్రహమ్ హామిల్టన్ 2004లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు, బహుళ థ్రెడ్ల టూల్‌కిట్ విఫలమైన కలేనా అని. ఆయన చూపించిన కారణం నాకు ఇప్పటికీ సబబుగా తోస్తుంది. మౌస్ నొక్కు కింద ఆపరేటింగ్ సిస్టమ్‌లో పుట్టి, టూల్‌కిట్ మీదుగా పైనున్న నీ కోడ్‌కి ఎక్కుతుంది. నీ కోడ్ "ఈ లేబుల్ మార్చు" అన్న ఆజ్ఞ పైన పుట్టి కిందికి దిగుతుంది. మెట్టు మెట్టుకీ తాళం పెట్టావనుకో, ఎక్కేవాడు కింది తాళం పట్టుకుని పైదాని కోసం, దిగేవాడు పై తాళం పట్టుకుని కిందిదాని కోసం ఆగిపోతారు. అందుకే తాళాలు వదిలేసి, ఒకే యజమాని అన్న పద్ధతికి వచ్చారు.

కాబట్టి పక్క థ్రెడ్ చెయ్యవలసింది ఒక్కటే. తెర జోలికి తాను వెళ్లకుండా, చెయ్యాల్సిన పనిని చీటీ మీద రాసి యజమాని వరసలో పెట్టడం. విండోస్ ఫామ్స్‌లో దానికి ఇన్వోక్, బిగిన్ ఇన్వోక్ అని రెండు దారులున్నాయి. ఇన్వోక్ చీటీ ఇచ్చి, పని పూర్తయ్యేదాకా అక్కడే నిలబడుతుంది. బిగిన్ ఇన్వోక్ చీటీ పెట్టేసి తన దారిన పోతుంది. పుస్తకంలో ఈ రెండింటికీ తేడా ఒక వాక్యమే ఉంటుంది. నాకు మాత్రం ఆ తేడా తెలియడానికి ఒక సీజన్ పట్టింది.

పశ్చిమ గోదావరిలో ఒక మిల్లులో నేను పెట్టిన ప్రోగ్రాం అది. రోజంతా బాగా నడిచేది, సాయంత్రం మూసేటప్పుడు మాత్రం కొన్నిసార్లు బిగుసుకుపోయేది. తెర తెల్లబడి, పైన నాట్ రెస్పాండింగ్ అని వచ్చేది. మూసేటప్పుడే కదా అని నేను పట్టించుకోలేదు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఎవరో పోర్టు సెట్టింగు మార్చారు. అది మారాలంటే పోర్టు మూసి మళ్లీ తెరవాలి. మూసే చోట బిగుసుకుపోయింది. రోడ్డు మీదికి లారీల వరస, కాటా మీద ఒక లారీ, ఆపరేటర్ కంప్యూటర్ ప్లగ్గు పీకేశాడు. నేను బస్సెక్కి వెళ్లాను. ఆ ఆపరేటర్ పదో తరగతి చదివిన మనిషి, అసలు విషయం ఆయనే చెప్పాడు. "సార్, ముందు ఇండికేటర్ ఆపి, తర్వాత ప్రోగ్రాం మూస్తే ఎప్పుడూ బిగుసుకోదండి" అన్నాడు.

ఆ మాటతో ముడి విడిపోయింది. ఫామ్ థ్రెడ్ పోర్టును క్లోజ్ చెయ్యమంటుంది. అప్పటికే నడుస్తున్న డేటా రిసీవ్డ్ హ్యాండ్లర్ ముగిసేదాకా క్లోజ్ ఆగుతుంది. ఆ హ్యాండ్లర్ ఏమో ఇన్వోక్ అని ఫామ్ థ్రెడ్ కోసం నిలబడి ఉంది. ఫామ్ థ్రెడ్ క్లోజ్‌లో ఇరుక్కుని ఉంది. ఇక ఆ ఇద్దరిలో ఎవరూ కదలరు. ఇండికేటర్ ముందే ఆపితే బరువులు రావు, హ్యాండ్లర్ నడవదు, చిక్కూ లేదు. ఆ తర్వాత నుంచి పక్క థ్రెడ్‌లో ఇన్వోక్ కనబడితే దాన్ని బిగిన్ ఇన్వోక్‌గా మార్చి, నిజంగా జవాబు కోసం ఆగవలసిన చోట మాత్రమే ఉంచుతున్నాను. ఇంకో మాట, లాక్ పట్టుకుని ఉన్నప్పుడు ఇన్వోక్ పిలవకు. ఫామ్ థ్రెడ్ అదే లాక్ కోసం వస్తే ఇదే కథ ఇంకో చోట జరుగుతుంది.

ఇన్వోక్ అవసరమా అని కంట్రోల్‌ని అడిగే ఇన్వోక్ రిక్వయిర్డ్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఫామ్ ఇంకా పూర్తిగా పుట్టకముందు, దాని హ్యాండిల్ తయారుకాకముందు అడిగితే అది "అక్కర్లేదు" అని జవాబిస్తుంది. నువ్వు దాన్ని నమ్మి నేరుగా ముట్టుకుంటావు. అందుకని కన్‌స్ట్రక్టర్‌లో పోర్టు తెరవకు, ఫామ్ చూపించాక తెరువు. మూసేటప్పుడు ముందు ఈవెంట్ విప్పి, తర్వాత పోర్టు మూసి, ఆ తర్వాత ఫామ్‌ను పోనివ్వు. మూసేసిన ఫామ్‌కి చీటీ వెళ్తే ప్రోగ్రాం పడిపోతుంది.

అయితే అమ్ములూ, నీ కాటాకు బిగిన్ ఇన్వోక్ కూడా నేను సిఫారసు చెయ్యను. లెక్క వేసి చూడు. 9600 బాడ్ మీద ఒక్కో అక్షరానికి 10 బిట్లు పోతే సెకనుకు 960 అక్షరాలు. ఒక్కో బరువు సందేశం 16 అక్షరాలుంటే, ఇండికేటర్ ఆగకుండా పంపితే సెకనుకు 60 బరువులు. ప్రతిదానికీ ఒక చీటీ పెట్టావనుకో, విండోస్ ముందు ఆ చీటీల్నే చూస్తుంది, కీబోర్డు, మౌస్ ఆ తర్వాత, తెర గీయడం ఇంకా తర్వాత. కంప్యూటర్ పాతదైతే ఆపరేటర్ లారీ నంబరు కొడుతుంటే అక్షరాలు ఆగి ఆగి పడతాయి. సెకనుకు 60 అంకెలు చదవగల కన్ను ఎవరికీ లేదు. అందుకని పక్క థ్రెడ్‌ను తెర వైపుకే రానివ్వకు. వచ్చిన తాజా బరువును ఒకచోట పెట్టి ఊరుకొమ్మను. ఫామ్ మీద ఒక టైమర్ పెట్టి, 200 మిల్లీసెకన్లకు ఒకసారి ఫామ్ థ్రెడ్డే వచ్చి ఆ తాజాది చదువుకుని లేబుల్‌లో వేసుకుంటుంది. ఆ టైమర్ విండోస్ ఫామ్స్ టైమరే అయి ఉండాలి. అదే పేరున్న ఇంకో రెండు టైమర్లు డాట్‌నెట్‌లో ఉన్నాయి, అవి మామూలుగా పక్క థ్రెడ్ మీదే మోగుతాయి, మొదటికే వస్తుంది వ్యవహారం.

"ఒకచోట పెట్టి" అన్నాను కదా, ఆ చోటు గురించి కొంచెం జాగ్రత్త. చాలా ఇండికేటర్లు బరువుతో పాటు అది నిలకడగా ఉందా, ఇంకా కదులుతోందా అన్న గుర్తు కూడా పంపుతాయి. బరువుకి ఒక వేరియబుల్, నిలకడకి ఇంకో వేరియబుల్ పెట్టావంటే, రెండింటి మధ్యలో ఫామ్ థ్రెడ్ తొంగి చూసి, కొత్త బరువునీ పాత గుర్తునీ కలిపి పట్టుకుపోవచ్చు. లారీ ఇంకా ఊగుతుండగానే "నిలకడ" అని చూపిస్తుంది. పైగా బరువుకి డెసిమల్ వాడావనుకుంటాను. అది 16 బైట్ల వస్తువు, ఒక్క దెబ్బలో రాయబడదు. సగం పాతది, సగం కొత్తదిగా చదివే అవకాశం ఉంది. అందుకని బరువు, నిలకడ, సమయం మూడూ కలిపి ఒక చిన్న క్లాస్ చెయ్యి. ఒకసారి పుట్టాక అందులో ఏదీ మారకూడదు. కొత్త బరువు వస్తే కొత్త వస్తువు పుట్టించి, రిఫరెన్స్ ఒక్కటి మార్చు, దాన్ని వోలటైల్ చెయ్యి. రిఫరెన్స్ మారడం ఒక్క అడుగులో అయిపోతుంది. చదివేవాడికి పాత వస్తువైనా పూర్తిది దొరుకుతుంది, కొత్తదైనా పూర్తిది దొరుకుతుంది.

బరువు ముక్కలుగా వస్తుందన్నది కూడా మరిచిపోకు. 24560 అని పంపితే ఒక ఈవెంట్‌లో 24, ఇంకోదాంట్లో 560 రావచ్చు. సందేశం చివరి గుర్తు వచ్చేదాకా కూడబెట్టి, అప్పుడే చదువు. ఇది థ్రెడ్ల సంగతి కాదు గానీ, చూసేవాళ్లకి అచ్చం థ్రెడ్ల తప్పులాగే ఉంటుంది, రోజులు తినేస్తుంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నదానికి వస్తాను. ఎర్రర్లు లేకుండా, బిగుసుకోకుండా, ప్రతి మార్పూ సరైన థ్రెడ్ మీదే చేసి కూడా నేను ఒక రైతుకి తప్పు తూకం చీటీ ఇచ్చాను.

ధాన్యం లారీ మొదట లోడుతో కాటా ఎక్కుతుంది. దించాక ఖాళీగా మళ్లీ ఎక్కుతుంది. రెండోసారి వచ్చినప్పుడు ఆపరేటర్ లారీ నంబరు కొడితే, మొదటి తూకం డేటాబేస్ నుంచి రావాలి. డేటాబేస్ ఆఫీసు గదిలో ఇంకో కంప్యూటర్‌లో ఉండేది. తెచ్చేటప్పుడు తెర ఆగకూడదని ఆ పని పక్క థ్రెడ్‌కి ఇచ్చాను, ఫలితాన్ని పద్ధతిగా ఫామ్ థ్రెడ్‌కి పంపాను. ఒకరోజు ఆపరేటర్ ఒక నంబరు కొట్టాడు. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది, జవాబు రాలేదు. అంతలో ఆ లారీ డ్రైవరు ఏదో మరిచిపోయి కాటా దిగి వెనక్కి వెళ్లాడు, వెనకున్న లారీ ఎక్కింది. దాని నంబరు కొట్టాడు. రెండో దాని జవాబు వెంటనే వచ్చింది, 16,480 కిలోలు. ఆ తర్వాత ఒక్క క్షణానికి మొదటి దాని జవాబు వచ్చి అదే లేబుల్ మీద పడింది, 14,920 అని. ప్రింట్ బటన్ నొక్కితే నా కోడ్ ఆ లేబుల్‌లో ఉన్న అంకెను చదివి చీటీ కొట్టింది. ఒక లారీ నంబరు, ఇంకో లారీ లోడు. తేడా 1,560 కిలోలు, అంటే 15 క్వింటాళ్ల పైచిలుకు.

ఆ రైతు చీటీ పట్టుకుని కదల్లేదు. "నా బస్తాలెన్నో నాకు తెలుసు, మళ్లీ తియ్యండి" అన్నాడు. ఆయన గట్టిగా నిలబడ్డాడు కాబట్టి బయటపడింది. అడగని వాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని ఆ సీజన్ చీటీలన్నీ డేటాబేస్‌తో ఒక్కొక్కటీ సరిచూశాను. ఇంకొక తప్పు చీటీ దొరికింది. అది తీసుకున్న రైతు ఊరికి మిల్లు గుమస్తాని వెంటబెట్టుకుని వెళ్లి లెక్క సరిచేసి వచ్చాను. ఆయన మండువా ఇంటి అరుగు మీద కూర్చుని, తప్పు నాదేనని ఆయనకి చెప్పిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

సరైన థ్రెడ్ మీద రాయడం ఒకటి, సరైన సమయానికి సరైన జవాబు రాయడం ఇంకొకటి. రెండోదాన్ని ఏ డీబగ్గరూ పట్టుకోదు. అందుకని ప్రతి వెతుకులాటకీ ఒక వరస సంఖ్య ఇవ్వు. జవాబు ఫామ్ థ్రెడ్‌కి చేరాక, అది ఇప్పుడున్న సంఖ్యదేనా అని అక్కడే అడుగు. కాకపోతే పారెయ్యి. ఇక చీటీని ఎప్పుడూ లేబుల్ చదివి కొట్టకు. తెర చూపించడానికి మాత్రమే. లారీ నంబరు, మొదటి తూకం, రెండో తూకం ఒకే రికార్డులో ఉండాలి. తెరా, చీటీ రెండూ ఆ రికార్డు నుంచే రావాలి. ఇలా కట్టి ఉంటే లేబుల్ మీద తప్పు అంకె పడి ఉండేదేమో గానీ, కాగితం మీదికి వెళ్లేది కాదు.

ఇక సేవ్ చెయ్యడం, ప్రింట్ కొట్టడం, లారీ ఫొటో తీయడం. వీటిని ఫామ్ థ్రెడ్ మీద చెయ్యకు, 5 సెకన్లు అది వరస దగ్గరికి రాకపోతే విండోస్ దాన్ని స్పందించడం లేదని ముద్ర వేస్తుంది. ఇప్పుడు మీకు అసింక్, అవెయిట్ ఉన్నాయి, మా రోజుల్లో లేవు, వాడుకో. బటన్ హ్యాండ్లర్‌లో అవెయిట్ తర్వాతి లైను మళ్లీ ఫామ్ థ్రెడ్ మీదికే వస్తుంది, నువ్వు ఇన్వోక్ రాయనక్కర్లేదు. ఒకే ఒక్క షరతు, ఫామ్ థ్రెడ్ మీద డాట్ రిజల్ట్, డాట్ వెయిట్ అని రాయకు. రాశావంటే పోర్టు మూసేటప్పుడు చెప్పిన బిగింపే వేరే వేషంలో వస్తుంది. అవెయిట్ నడుస్తున్నంతసేపూ ఆ బటన్‌ను పనిచెయ్యకుండా ఉంచు, లేదంటే తొందరలో ఉన్న ఆపరేటర్ రెండుసార్లు నొక్కి రెండు చీటీలు తీస్తాడు. అప్లికేషన్ డూ ఈవెంట్స్ అని మీ పాత కోడ్‌లో ఎక్కడైనా ఉంటే, అక్కడ కూడా ఇదే ప్రమాదం ఉంది, తీసెయ్యి.

పరీక్షించడానికి మిల్లుకి వెళ్లనక్కర్లేదు. జంట వర్చువల్ కామ్ పోర్టులు పెట్టుకుని ఒకవైపు నుంచి ఆగకుండా బరువులు పంపు, అవి పారుతుండగానే ఫామ్ మూసి తెరువు, ఒకసారి కాదు, వందసార్లు. డేటాబేస్‌లో మొదటి వెతుకులాటకి మాత్రం 3 సెకన్ల ఆలస్యం పెట్టి, వెంటనే రెండో నంబరు కొట్టు. నెట్‌వర్క్ కేబుల్ పీకి సేవ్ నొక్కు. ఇవన్నీ నువ్వు ఆఫీసులో చెయ్యకపోతే సీజన్లో ఆపరేటర్ చేస్తాడు, లారీల వరస ముందు.

గడువు దగ్గరపడిందని రాశావు. మీ మేనేజర్‌ని ఇంకో నాలుగు రోజులు అడుగు. ఎందుకు కావాలో పైన రైతు సంగతి చెబితే అర్థం చేసుకుంటారు. అప్పటికీ ఒప్పుకోకపోతే నాకు చెప్పు, శని ఆదివారాలు నీతో కూర్చుంటాను.

రేపు ఆఫీసుకి వెళ్లగానే ముందు ఆ లైను తీసెయ్యి. డీబగ్గర్‌లో నడిపి, ప్రోగ్రాం ఎన్ని చోట్ల ఆగిందో, ఏ కంట్రోల్ దగ్గర ఆగిందో వరసగా కాగితం మీద రాసి, రాత్రికి ఫొటో తీసి నాకు పంపు.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య